కార్బొరేటర్ మీద నేరం మోపే ముందు

ఊళ్లో ఎక్కడ దొంగతనం జరిగినా పాత నేరస్థుణ్ణి పిలిపించి ఠాణాలో కూర్చోబెట్టే అలవాటు ఒకప్పుడు పోలీసులకు ఉండేదని మా తాతగారు చెబుతుండేవారు. పాత మోటారు సైకిలు మొరాయించినప్పుడు కార్బొరేటర్‌కు పట్టే గతి సరిగ్గా అదే. బండి కదలకపోతే కార్బొరేటర్, దగ్గితే కార్బొరేటర్, పొగ వస్తే కార్బొరేటర్. విచారణ ఉండదు, సాక్ష్యం ఉండదు. స్పానరు పట్టుకున్న ప్రతివాడూ మొదట దాన్నే ఊడదీస్తాడు. నేను కూడా ఊడదీశాను. ఒకసారి కాదు, ఆరుసార్లు. ఆ ఆరుసార్ల అజ్ఞానం నుంచి పుట్టిన అభిప్రాయాలే ఇవి.

మా బండి 1974 నాటి బుల్లెట్. 346 సీసీ, కుడికాలితో గేర్లు, హ్యాండిల్ మీద డీకంప్రెషన్ మీట, హెడ్‌లైటు పైన అమ్మీటరు. నాన్నగారు నీటిపారుదల శాఖలో ఓవర్సీరుగా ఉన్నప్పుడు 1981లో పాతదిగానే కొన్నారు. కాలువ గట్ల మీద ఇరవై రెండేళ్లు తిరిగింది. ఆయన పదవీ విరమణ చేసిన తరువాత కొన్నాళ్లు అడపాదడపా నడిచి, 2006లో పశువుల కొట్టంలో ఒక మూలకు చేరింది. పదిహేడేళ్లు అక్కడే ఉంది. కోళ్లు సీటు మీద గుడ్లు పెట్టాయన్నది అతిశయోక్తి కాదు.

2023లో దాన్ని బాగు చేయిద్దామన్న బుద్ధి పుట్టింది నాకు. యాభై ఏళ్లు నిండిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చునని 2021లో నిబంధనలు వచ్చాయి కదా, తీసుకోరాదా అని మిత్రులు సలహా ఇచ్చారు. ఆ రిజిస్ట్రేషన్ తీసుకుంటే బండిని నిత్యం రోడ్డు మీద తిప్పకూడదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ మాత్రమే. మాకు కావలసింది గాజుపెట్టెలో బొమ్మ కాదు గనుక, అయిదేళ్లకోసారి ఆర్.సి. పునరుద్ధరించుకునే పాత దారే మేలనుకున్నాను.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. బాగు చేయించడమంటే నాకు మెరిపించడమే. ట్యాంకు మీద బంగారు గీతలు చేత్తో గీయించాను. చువ్వలకూ రిమ్ములకూ క్రోమ్ పూయించాను. రంగుకు 22,000, క్రోమ్‌కు 14,000 రూపాయలు. ఇంజను విప్పించి రింగులు, బేరింగులు మార్పించాను. కార్బొరేటర్‌కు మాత్రం పెట్రోలుతో ఒక స్నానం, అంతే. పెళ్లికి పట్టుచీర కొని పెళ్లికూతురికి అన్నం పెట్టడం మరిచిపోయినట్టయింది.

బండి ఇంటికి వచ్చింది. అద్దంలా ఉంది. కానీ చోక్ లేపితే తప్ప ఐడిలింగ్‌లో నిలవదు. యాక్సిలరేటర్ కొంచెం తిప్పగానే ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, ఆ తరువాత ఎగురుతుంది. వదిలేస్తే సైలెన్సర్‌లో టపటపమని పేలుళ్లు. మధ్యవేగంలో నల్లటి పొగ. అన్నిటికన్నా వింత ఏమిటంటే ఒక్కొక్కరోజు చక్కగా పరుగెత్తి, పరుగెత్తి, ఉన్నట్టుండి దీపం ఆర్పినట్టు ఆగిపోయేది. పది నిమిషాలు చెట్టు నీడన నిలబెడితే మళ్లీ ఒక్క కిక్కుకే లేచేది.

తీసుకెళ్లి చూపిస్తే, బాగుచేసిన షాపువారు "కార్బొరేటర్ అయిపోయింది సార్, కొత్తది వేసేద్దాం" అన్నారు. వేశారు. పాతదాన్ని ఒక ప్లాస్టిక్ సంచిలో చుట్టి నా చేతికిచ్చారు. కొత్తదానితోనూ అవే దగ్గులు, అవే పేలుళ్లు, అదే హఠాన్మరణం. ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకే ఇంట్లోకి వచ్చి ఒకే జబ్బు పడితే అనుమానించవలసింది మనుషులనా, ఇంటినా? అప్పుడు నాకు ఆ ప్రశ్న తట్టలేదు. కొత్త కార్బొరేటర్ కూడా నకిలీదేమోనన్న అనుమానం మాత్రం తట్టింది. మూడో కార్బొరేటర్ కోసం బెజవాడ ఆటోనగర్‌లో విచారించడం మొదలుపెట్టాను.

2024 సంక్రాంతికి నాన్నగారు ఒక కోరిక కోరారు. ఆయన తన ఉద్యోగకాలంలో ఎక్కువగా తిరిగిన లొల్ల లాకుల దాకా ఆ బండి మీదే వెళ్లి రావాలని. రాజమండ్రిలో ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించి, ఆయన్ను వెనక కూర్చోబెట్టుకుని బయలుదేరాను. ధవళేశ్వరం దాటి బ్యారేజీ మీద సగం దూరం వెళ్లామో లేదో బండి ఆగిపోయింది. వెనక లారీ, దాని వెనక బస్సు, ఎడమ చేతివైపు పిట్టగోడ, పక్కన గోదావరి. ఆ వయసులో ఆయన దిగి, నాతోపాటు బండిని తోయడానికి చెయ్యి వేశారు. అవతలి ఒడ్డుకు చేరాక ఆయన అన్న మాట ఒక్కటే: "ఒరేయ్, దీన్ని ఇంక అమ్మేయ్."

కోపంతో అన్నమాట కాదది. తన వల్ల నాకు శ్రమ కలుగుతోందన్న మొహమాటంతో అన్నమాట. అందుకే నాకు బాగా తగిలింది.

మా ఊళ్లో ఒక సాయిబు గారున్నారు. ఒకప్పుడు బుల్లెట్లూ, రాజ్‌దూత్‌లూ, ఎజ్డీలూ ఆయన చేతి మీదుగా వెళ్లనివి లేవు. చూపు తగ్గి, షెడ్డు కొడుక్కి అప్పగించి ఇంటిపట్టున ఉంటున్నారు. కొడుకు చేసేది స్కూటర్ల సర్వీసింగ్. ఆయన్ను బతిమాలి మా ఇంటికి తీసుకొచ్చాను. వచ్చి, కుర్చీలో కూర్చుని, టీ తాగి, బండి వైపు కూడా చూడకుండా అడిగిన మొదటి ప్రశ్న: "ఆగిపోయేది ట్యాంకు నిండుగా ఉన్నప్పుడా బాబూ, అడుగంటినప్పుడా?"

నేను ఆలోచించలేదెప్పుడూ. తీరా లెక్కవేసుకుంటే, ప్రతిసారీ పెట్రోలు నింపిన రోజే.

"అయితే మూతకు ఊపిరి ఆడటం లేదు" అన్నారు.

ఇందులోని శాస్త్రం చిన్నపిల్లలకు చెప్పేంత సులువు. పెట్రోలు ట్యాంకులోంచి కిందికి దిగాలంటే దాని స్థానంలోకి గాలి రావాలి. మూతలో సన్నని రంధ్రం ఉండేది అందుకే. అది మూసుకుపోతే లోపల గాలి పలచబడి, పెట్రోలును కిందికి పోనివ్వకుండా పైకి పట్టి ఉంచుతుంది. ట్యాంకు ఖాళీగా ఉంటే లోపల గాలి ఎక్కువ, అది సాగి సాగి చాలాదూరం సర్దుకుంటుంది. ట్యాంకు నిండుగా ఉంటే సర్దుకునే చోటు ఉండదు, త్వరగా బిగుసుకుంటుంది. షాపువారు ఎప్పుడూ ఒక లీటరు పోసి పరీక్షించేవారు గనుక వారి దగ్గర జబ్బు బయటపడేదే కాదు. నేను వేల రూపాయలు పోసి మూతకు క్రోమ్ వేయించినప్పుడు, మెరుగుపెట్టే ముద్ద ఆ రంధ్రంలో గట్టిపడి కూర్చుంది. సాయిబు గారు గుండుసూదితో తీసేశారు. హఠాన్మరణానికి చికిత్స అయిపోయింది. ఖర్చు లేదు. (బండి ఆగిన క్షణంలో మూత తిప్పి చూడండి. లోపలికి గాలి పీల్చుకుంటున్న చప్పుడు వినిపిస్తే మీ బండికీ ఇదే.)

తరువాత ఇంజను స్టార్ట్ చేయించి, కార్బొరేటర్ ఇంజనుకు అతికే చోట చుట్టూ వేలితో గ్రీజు పూశారు. అంతదాకా ఎగుడుదిగుడుగా కొట్టుకుంటున్న ఇంజను చప్పుడు ఒక్కసారిగా నెమ్మదించింది. ఆ అతుకులోంచి దొంగగాలి లోపలికి దూరుతోందన్నమాట. కార్బొరేటర్ కొలిచి ఇచ్చిన మిశ్రమంలో ఎవరూ కొలవని గాలి కలిస్తే మిశ్రమం పలచబడుతుంది. చోక్ లేనిదే నిలవకపోవడం, యాక్సిలరేటర్ తిప్పగానే తడబడటం, వదిలితే సైలెన్సర్‌లో పేలడం, ఈ మూడూ ఆ పలచదనం లక్షణాలే. విప్పి ఫ్లాంజిని అద్దం ముక్క మీద పెట్టి చూపించారు. ఎవరో ఎప్పుడో రెండు నట్లనూ బలమంతా ఉపయోగించి బిగించినందువల్ల అది విల్లులా వంగింది. అద్దం మీద ఎమరీ కాగితం పరిచి, ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ గంటసేపు నాచేత రుద్దించారు. కొత్త ఓ-రింగు వేసి, నట్లను ఒకదాని తరువాత ఒకటి కొద్దికొద్దిగా బిగించమన్నారు. "గట్టిగా బిగిస్తే గట్టిగా ఉంటుందనుకోవడం మనవాళ్లకు అన్నిట్లోనూ ఉంది" అని ఒక వేదాంతం కూడా.

మరి కొత్త కార్బొరేటర్ వేసినప్పుడు ఎందుకు లీకయింది? దాని ఫ్లాంజి సరిగానే ఉంది. కానీ దానికీ ఇంజనుకూ మధ్య ఉండే, వేడి తగలకుండా అడ్డుపడే దిమ్మ పాతదే వాడారు. అదీ వంగినదే.

ఇప్పుడు సంచిలోంచి పాత కార్బొరేటర్ బయటికి వచ్చింది. అది మిక్‌కార్బ్ వీఎం24. ఈ బండికి మొదట ఉన్నది అమల్. 90లలో ఎప్పుడో నాన్నగారే దాన్ని మార్పించారు. అసలైన పాతదనాన్ని ఆరాధించే మిత్రులకు ఇది నచ్చదు. అమల్ వెతికి తెచ్చి పెట్టాలంటారు. ఆ బండి నడిచిన కాలంలో జరిగిన మరమ్మతులు కూడా దాని చరిత్రే అని నా పక్షం. నాన్నగారు కాలువ గట్ల మీద వెళ్లింది దీనితోనే. దాన్ని చెరిపేసి 1974ను తిరిగి తెచ్చామనుకోవడం నాకు ఆత్మవంచనలా కనిపిస్తుంది.

కార్బొరేటర్ ఎలా పనిచేస్తుందో కొంత చెప్పుకోక తప్పదు. సన్నటి గొంతులోంచి గాలి వేగంగా పోతే అక్కడ పీడనం తగ్గుతుంది. కింద గిన్నెలో ఉన్న పెట్రోలును బయటి వాతావరణ పీడనం పైకి నెడుతుంది. అది తుంపరగా గాలిలో కలుస్తుంది. హంగరీలో బాంకీ, చోంకా అనే ఇద్దరు దీనికి పేటెంటు పుచ్చుకున్నది 1893లో. విద్యుత్తు లేదు, సెన్సారు లేదు. ఇత్తడి రంధ్రాలు కొన్ని, ఒక సూది, ఒక ఫ్లోటు, అంతే.

ఆ రంధ్రాలన్నీ ఎల్లవేళలా పనిచేయవు. యాక్సిలరేటర్ ఎంత తిప్పామన్నదాన్ని బట్టి వంతులవారీగా పనిచేస్తాయి. మూసి ఉన్న దగ్గర్నుంచి ఎనిమిదోవంతు దాకా పైలట్ జెట్టు, ఎయిర్ స్క్రూ. అక్కడినుంచి పావు దాకా స్లైడు అడుగున కోసిన వాలు. పావు నుంచి ముప్పావు దాకా సూది, సూది దిగే జెట్టు. ముప్పావు దాటాక మెయిన్ జెట్టు. ఇవి ఒకదానిలోకి ఒకటి కొంత చొరబడుతుంటాయి గాని స్థూలంగా లెక్క ఇది. బండి ఏ వేగంలో ఇబ్బంది పెడుతోందన్నది కాదు ప్రశ్న, యాక్సిలరేటర్ ఎంత తిరిగి ఉన్నప్పుడు పెడుతోందన్నది. సాయిబు గారు హ్యాండిల్ గొట్టం మీదా, పిడి మీదా తెల్లటి టేపు అంటించి, పెన్నుతో పావులూ అరలూ గీయించారు. "ఇప్పుడు పోయి తిరిగి రా. ఎక్కడ దగ్గిందో గీత చూసి చెప్పు." ఇంత తేలికైన పద్ధతి ఆ ఆరుసార్లు విప్పినప్పుడు నాకెవ్వరూ చెప్పలేదు.

తిరిగి వచ్చి చెప్పాను: కింది గీతల దగ్గర తడబాటు కొంచెం మిగిలింది, సగం దగ్గర గొంతు బొంగురుపోయి నల్లపొగ. సగం దగ్గర అంటే సూది. తీసి చూస్తే దాని క్లిప్పు అట్టడుగు గాటులో ఉంది, అంటే సూది పూర్తిగా పైకి లేచి ఉంది. దొంగగాలి వల్ల పలచబడిన మిశ్రమాన్ని చిక్కబరచడానికి ఎవరో మూలకారణం వెతకకుండా సూదిని లేపేశారు. ఇప్పుడు దొంగగాలి ఆగిపోయింది గనుక ఆ మందు విషమైంది. ఒక అబద్ధాన్ని కప్పడానికి రెండోది ఆడినట్టు, పాత బండ్లలో ఒక తప్పు మీద మరో తప్పు పేర్చిన దిద్దుబాట్లు ఇలా పొరలుపొరలుగా ఉంటాయి. ఒకటి సరిచేస్తే రెండోది బయటపడుతుంది. అప్పుడు "ముందే నయం" అనిపిస్తుంది. అక్కడే చాలామంది చేతులెత్తేస్తారు. క్లిప్పును మధ్య గాటుకు తెచ్చాం.

కింది తడబాటుకు మాత్రం కార్బొరేటర్‌దే నేరం, నిజమైన నేరం. పదిహేడేళ్లు గిన్నెలో నిలిచి ఆవిరైన పెట్రోలు లక్కలా గట్టిపడి పైలట్ జెట్టును సగం మూసింది. దీన్ని ఇనుపతీగతో పొడవడం మహాపాపం. జెట్టు మెత్తని ఇత్తడి, తీగ గీకితే రంధ్రం పెద్దదవుతుంది, ఇక జన్మలో సరికాదు. క్లీనరులో రాత్రంతా నానబెట్టి, గాలి కొట్టి, వెలుతురుకు పట్టి చూస్తే గుండ్రని చుక్క కనబడాలి. కనబడింది. ఎయిర్ స్క్రూను పూర్తిగా లోపలికి సుతారంగా తిప్పి, అక్కడినుంచి ఒకటిన్నర చుట్టు వెనక్కి తీసి, ఇంజను వేడెక్కాక చప్పుడు వింటూ అటూ ఇటూ సవరించాం. ఈ రకం కార్బొరేటర్‌లో అది గాలిని అదుపుచేసే స్క్రూ గనుక లోపలికి తిప్పితే మిశ్రమం చిక్కబడుతుంది. చాలామంది తలకిందులుగా అనుకుంటారు, నేను కూడా అంతే.

ఇవన్నీ చేయడానికి ముందు ఆయన పాయింట్లు చూసిన సంగతి చెప్పడం మరిచాను. పాయింట్ల మధ్య ఎడం 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. నిప్పురవ్వ సరిగా లేని ఇంజనుకు కార్బొరేటర్ సవరించడం జ్వరం చూడకుండా పథ్యం మార్చడమే. ముందు నిప్పు, తరువాత గాలి, చివర పెట్రోలు. ఇది ఆయన వరుస.

మూడు పూటలు పని చేసి, "ఎంత ఇమ్మంటారు?" అని అడిగితే "నీ ఇష్టం బాబూ" అన్నారు. నేను అయిదు వందలు ఇచ్చాను. రంగుకు 22,000 ఇచ్చిన చేత్తోనే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు వెళ్లి మరికొంత ఇచ్చి వచ్చాననుకోండి. కానీ ఇక్కడే నా అసలు అభియోగం ఉంది, అది షాపువారి మీద కాదు. కొత్త కార్బొరేటర్ బిగించడానికి పావుగంట పడుతుంది, దానికి బిల్లు రాయవచ్చు, మనం నోరెత్తకుండా కడతాం. జబ్బు ఎక్కడుందో కనిపెట్టడానికి ఒక పూట పడుతుంది, దానికి బిల్లు రాస్తే "ఏం చేశావని? మూతలో సూది గుచ్చావు, అంతేగా" అంటాం. వస్తువుకు ధర ఉంది, ఆలోచనకు లేదు. అలాంటప్పుడు ఆలోచించే మెకానిక్ ఎందుకు మిగలాలి? సాయిబు గారి కొడుకు స్కూటర్ల సర్వీసింగ్‌లోకి వెళ్లడంలో వింతేముంది?

ఇంజనీరైన ఒక మిత్రుడు నాతో వాదిస్తాడు. ఇంధనాన్ని కంప్యూటరు లెక్కవేసి చిమ్మే పద్ధతి వచ్చాక ఈ ఇత్తడి రంధ్రాల మీద మమకారం దేనికని. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ప్రమాణాలు అమలయ్యాక కొత్త బండ్లలో కార్బొరేటర్ దాదాపు కనుమరుగైంది, మంచిదే. మా బుల్లెట్ వదిలే పొగను నేను సమర్థించను. కొత్త బండి కొనేవాడికి కార్బొరేటర్ కావాలని ఎవరూ అనరు. కానీ ఉన్న పాతబండ్లు ఉంటాయి; రైతుల దగ్గర, పాలవాళ్ల దగ్గర లక్షలాదిగా ఉంటాయి. వారు మోజుతో కాదు, గతిలేక నడుపుతున్నారు. వాళ్లకు అనవసరంగా అంటగట్టే ప్రతి కార్బొరేటరూ వారం పది రోజుల కూలి. పరిజ్ఞానం పోతే ముందుగా నష్టపోయేది నాలాంటి సరదారాయుళ్లు కాదు.

పైగా ఇప్పుడు ఆ పరిజ్ఞానం అవసరం పెరిగింది. 2023 నుంచి బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు రావడం మొదలై, 2025 నాటికి దేశమంతా అదే అయింది. మామూలు పెట్రోలు పూర్తిగా మండటానికి తన బరువుకు 14.7 రెట్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 రెట్లు చాలు. కొత్త బండ్లలో కంప్యూటరు దీన్ని చాలావరకు సర్దుకుంటుంది. కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు, పాత లెక్క ప్రకారమే పోస్తుంది, మిశ్రమం పలచబడుతుంది, ఇంజను వేడెక్కుతుంది. నేను 90 అంకె మెయిన్ జెట్టు తీసి 95 వేశాను. పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి మెత్తబడతాయి, మార్చుకోవాలి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నెలరోజులు బండి కదపనప్పుడు గిన్నె ఖాళీ చేయడం తప్పనిసరి. ఈ నాలుగు మాటలు బంకు దగ్గర తెలుగులో ఒక బోర్డు మీద రాసి పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

మార్చిలో మళ్లీ లొల్ల వెళ్లాం, ట్యాంకు నిండా పెట్రోలుతోనే. బ్యారేజీ మీద వెనకనుంచి నాన్నగారి చెయ్యి నా భుజాన్ని గట్టిగా పట్టుకుని ఉండటం తెలుస్తూనే ఉంది. బొబ్బర్లంక దాటాక ఆ పట్టు సడలింది. లాకుల దగ్గర దిగి, ఆయన తన కాలపు గేట్లను చూసుకుంటూ ఉంటే నేను ప్లగ్గు విప్పి చూశాను. లేత ఇటుక రంగు. తెల్లగా ఉంటే పలచన, మసిబారితే చిక్కన. తిరుగు ప్రయాణంలో ఎక్కబోతూ ఆయన అడిగారు: "ఎవరో కొంటామన్నారన్నావు, వాళ్లకేం చెప్పావు?" ఇంకా ఏమీ చెప్పలేదన్నాను. "చెప్పకు" అన్నారు.

పొద్దుటి చలిలో మాత్రం పావు గీత దగ్గర చిన్న వెలితి ఇప్పటికీ ఉంది. సూది దిగే జెట్టు అరిగి ఉంటుందని నా అనుమానం. సాయిబు గారు ఇంకా ఒప్పుకోలేదు, ముందు పాయింట్లు చూడమన్నారు.